మా నాయన చెవి టెస్టు: బెంగళూరులో మూడు రకాలుగా చేయించాక రాస్తున్న రివ్యూ

మొన్న జనవరిలో మా నాయనకి జ్వరం వచ్చింది. థర్మామీటర్ నాలుక కింద పెట్టి, బీప్ అనగానే తీసి చూడు నాయనా అని చెప్పి నేను జావ కాయడానికి వంటింట్లోకి పోయా. పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే ఇంకా అట్లే నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇంగా కొట్టలేదు కదమ్మా" అన్నాడు. పక్క గదిలో హోంవర్క్ రాసుకుంటున్న మా పాప అక్కణ్ణించే "ఎప్పుడో కొట్టింది తాతా" అని అరిచింది. అంత దూరంలో ఉన్న పిల్లకి వినపడింది, నోట్లో పెట్టుకున్న మనిషికి వినపడలేదు.

ఆ రోజు నుంచి గమనించడం మొదలుపెట్టా. వాషింగ్ మెషిన్ అయిపోయిందని కొట్టే బీప్, మైక్రోవేవ్ బీప్, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే కుయ్యిమనేది, వీటిల్లో ఏదీ ఆయనకి పట్టదు. అదే కింద రోడ్డు మీద లారీ పోతే తెలుస్తుంది, పై ఫ్లోర్‌లో మంచం జరిపితే "ఎవరమ్మా ఇంత పొద్దున్నే" అంటాడు. అందుకే మా ఇంట్లో ఎవ్వరికీ ఆయనకి చెవుడు అన్న ఆలోచనే రాలేదు. మా హిందూపురం వైపు చెవుడంటే చెవి దగ్గరకొచ్చి గట్టిగా అరిస్తే గానీ పలకనివాళ్ళనే అంటారు. నాయన పిలిస్తే పలుకుతాడు. మాటే సరిగ్గా అందదు. "సబ్బు అయిపోయిందా" అంటే "డబ్బులు నిన్నే కదా ఇస్తివి" అంటాడు, పాలు అంటే కాలు అనుకుంటాడు, నేను మళ్ళీ గట్టిగా చెప్తే "ఎందుకు అరుస్తావు, నాకు ఇనపడతాంది లే, మీరే నోట్లో నోట్లో మాట్లాడుకుంటాండారు" అని అలుగుతాడు. రెండు మూడేళ్ళుగా ఇదే గొడవ. ఆయన ధ్యాస పెట్టి వినట్లేదని నేను, మేం ఆయన్ని లెక్కచేయట్లేదని ఆయన. ఇప్పుడు తలుచుకుంటే చాలా బాధగా ఉంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, మీ ఇళ్ళల్లో కూడా ఇదే నడుస్తుంటే కొంచెం ముందే తేలుతుందని.

నాయనకి 71. ముప్పై ఏళ్ళు శెనక్కాయల మిల్లులో పనిచేశాడు, కాయ కొట్టే మిషన్ పక్కనే నిలబడి. నాకు 43, పాపకి 12. ముగ్గురం టెస్ట్ చేయించుకున్నాం. మొదట ఫోన్లో ముగ్గురం, తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో పెట్టిన ఫ్రీ క్యాంపులో నాయన, చివరికి జయనగర్లో ఒక చిన్న ఆడియాలజీ క్లినిక్‌లో, అంటే వినికిడి పరీక్షలు చేసే చోట, నాయనా నేనూ. క్లినిక్ పేర్లు, షాపు పేర్లు రాయట్లేదు. మంచి టెస్ట్ అంటే ఎట్లా ఉంటుందో తెలిస్తే మీ ఏరియాలో మీరే వెతుక్కోగలరు.

ముందు ఫోన్ సంగతి. పాప ఏదో వీడియో పెట్టింది, సన్నని కూత తక్కువ నుంచి మొదలై పైకి పైకి పోతా ఉంటుంది, స్క్రీన్ మీద నంబర్ మారుతుంటుంది, ఎక్కడ ఆగిపోయిందో అక్కడ చెప్పాలి. మనిషి చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినపడుతుందని స్కూల్లో చదువుకున్నాం కదా (హెర్ట్జ్ అంటే శబ్దం సెకనుకి ఎన్నిసార్లు అదురుతుందో ఆ లెక్క, అది పెరిగేకొద్దీ కూత సన్నబడుతుంది), ఆ పై హద్దు చిన్నపిల్లల సంగతి, వయసుతో అది దిగుతూ వస్తుంది. పాప 17,000 దాటేదాకా చెవి మూసుకుని "అబ్బా ఆపమ్మా" అంటూనే ఉంది. నాకు 14,000 దగ్గర ఆగిపోయింది, నేనైతే ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నా, ఎదురుగా పిల్ల మొహం చిట్లించుకునే ఉంది. నాయనకి 6,000 లోపే అయిపోయింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు, మామూలుగా మమ్మల్ని చూస్తూ కూర్చున్నాడు, అది చూసి నాకు లోపల ఎట్లనో అయింది.

అప్పుడే ఒకటి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో డబ్బా టీవీ ఉండేది. సౌండ్ పూర్తిగా తగ్గించి పెట్టినా సరే బయట వాకిట్లోంచే టీవీ ఆన్‌లో ఉందని నాకూ మా అన్నకీ తెలిసిపోయేది, సన్నగా ఈల లాంటిది ఒకటి వచ్చేది. అమ్మకి చెప్తే "ఏం లేదు పోరా" అనేది. ఇప్పుడు వెతికితే తెలిసింది, మన దేశంలో వాడిన పాల్ పద్ధతి టీవీల్లో బొమ్మ గీతలు గీసే వేగం సెకనుకి 15,625, లోపలి కాయిల్ ఆ వేగంతోనే అదిరి ఆ కూత వచ్చేదట. అంటే అప్పట్లో మాకు వినపడింది నిజం, అమ్మకి వినపడకపోవడమూ నిజమే. ఆ టీవీ ఇప్పుడు తెచ్చి పెడితే నాకూ వినపడదు.

ఈ తేడాని వ్యాపారంగా కూడా వాడుకున్నారు. వేల్స్‌లో హోవర్డ్ స్టేపుల్టన్ అనే ఆయన 2005లో మస్కిటో అని ఒక పెట్టె తయారుచేశాడు, 17,400 హెర్ట్జ్ దగ్గర కుయ్యిమంటూనే ఉంటుంది, షాపుల ముందు గుంపులుగా నిలబడే కుర్రాళ్ళు భరించలేక వెళ్ళిపోతారు, సరుకు కొనే పెద్దవాళ్ళకి ఏమీ తెలీదు. పిల్లలు అదే కూతని రింగ్‌టోన్ చేసుకుని క్లాసులో టీచర్లకి తెలీకుండా వాడారు. నాకైతే ఆ పెట్టె నచ్చలేదు, చంకలో ఉన్న పసిపిల్లకి కూడా అది వినపడుతుంది, ఆ పిల్ల ఎందుకు ఏడుస్తుందో తల్లికి తెలీదు. అంతకంటే చాలా ముందే, 1876లో, ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండాయన పొడుగు మార్చుకునే వీలున్న చిన్న ఈల చేసి మనుషుల మీదా జంతువుల మీదా ఎంత సన్నని శబ్దం దాకా వినపడుతుందో చూశాడు, వయసు పెరిగేకొద్దీ అది తగ్గిపోవడం ఆయనే గమనించి రాశాడు.

ఫోన్ టెస్ట్ మీద నా అభిప్రాయం: అనుమానం రావడానికి పనికొస్తుంది, అంతకుమించి దాన్ని నమ్మొద్దు. ఫోన్ స్పీకర్ అన్ని శబ్దాల్నీ ఒకే గట్టితనంతో పలికించలేదు, 200 రూపాయల ఇయర్‌ఫోన్ అసలే పలికించలేదు. సైజు తగ్గించిన ఆడియోలో 16,000 పైన ఉన్నదాన్ని చాలాసార్లు కోసేస్తారు, అప్పుడు మీకు వినపడకపోతే అది మీ చెవి లోపమా ఫైల్ లోపమా ఎట్లా తెలుస్తుంది. ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం, వినపడట్లేదు కదా అని వాల్యూమ్ పెంచకండి. మీకు వినపడకపోయినా పక్కన ఉన్న పిల్లల చెవిలో అది పూర్తి జోరుతో పడుతుంటుంది. నేను పెంచబోతే పాప ఏడుపు మొహం పెట్టింది, అప్పుడు అర్థమైంది.

ఇక రెండోది, ఫ్రీ క్యాంపు. ఒక హియరింగ్ ఎయిడ్ షాపు వాళ్ళు ఆదివారం మా క్లబ్ హౌస్‌లో పెట్టారు. ఫ్రీ కదా, పైగా లిఫ్ట్ దిగితే చాలు, నాయనని తీసుకుపోయా. హాల్లో ఒక మూల టేబుల్, దాని మీద మిషన్, ఇటు పక్క పిల్లలు టేబుల్ టెన్నిస్ ఆడుతున్నారు, పైన ఏసీ గురగుర. చెవిలోకి లైట్ వేసి కూడా చూడలేదు, హెడ్‌ఫోన్ పెట్టేశారు. నాలుగైదు శబ్దాలు వినిపించి, తర్వాత ఆ అబ్బాయి ఇంగ్లిష్ మాటలు చెప్పి తిరిగి చెప్పమన్నాడు. నాయన ఏడో తరగతి తెలుగు మీడియం. బేస్‌బాల్ అనీ హాట్‌డాగ్ అనీ ఆయన జన్మలో వినని మాటలు చెప్తే ఎట్లా చెప్తాడు. చెప్పలేకపోతే అది తప్పు కింద రాసుకున్నాడు. పావుగంటలో తేల్చేసి, "రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి మేడం, జత ఒక లక్షా అరవై వేలు, ఈరోజే బుక్ చేస్తే ఇరవై శాతం తగ్గింపు" అన్నాడు. రిపోర్ట్ కాగితం ఇవ్వమంటే, వినికిడి మిషన్ కొన్నాక ఫైల్‌తో పాటు ఇస్తామన్నాడు. నాయనకి ఆ ధర విని మొహం మాడిపోయింది, "నాకేం వద్దు పామ్మా" అని లేచి వచ్చేశాడు, తర్వాత మూడు వారాలు చెవి మాట ఎత్తితే చాలు లేచి బాల్కనీలోకి పోయేవాడు. ఆ క్యాంపు వల్ల నాకు జరిగిన నష్టం అదే. ముసలివాళ్ళని ఒకసారి ఒప్పించడమే కష్టం, రెండోసారి ఒప్పించడం దానికి పదింతలు.

మూడోది జయనగర్ క్లినిక్. మా ఆఫీసులో ఒకామె వాళ్ళ అత్తగారిని తీసుకెళ్ళానని చెప్తే ఫోన్ చేశా. నాయనకి తెలుగు తప్ప ఇంకోటి బాగా రాదు, కన్నడ ఏదో బస్సుల దాకా అంతే, మాటల టెస్ట్ తెలుగులో చేస్తారా అని మొదటి ప్రశ్నే అడిగా. తెలుగు పదాల పట్టిక ఉంది, రికార్డింగ్ ఉంది, తెలుగు వచ్చిన ఆడియాలజిస్ట్ మంగళ, శుక్రవారాల్లో ఉంటుంది అన్నారు. ఆ ఒక్క మాటకే నేను శుక్రవారం లీవ్ పెట్టా.

క్లినిక్‌లో మైనస్‌లు ముందే చెప్పేస్తా. మొదటి అంతస్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఆ మెట్లు నరకం, పెద్దవాళ్ళే వచ్చే చోట ఇది ఎందుకు ఆలోచించలేదో. పార్కింగ్ లేదు, మేం మెట్రో దిగి ఆటోలో పోయాం. పదిన్నరకి రమ్మని పదకొండుంబావుకి పిలిచారు. రిపోర్ట్ మొత్తం ఇంగ్లిష్‌లో ఉంటుంది. రిసెప్షన్ అమ్మాయి నాయన పేరు మెల్లగా ఒకే ఒక్కసారి పిలిచింది, వినికిడి క్లినిక్‌లో అట్లా పిలిస్తే ఎవరికి వినపడుతుంది, దగ్గరికొచ్చి చేయి తట్టి చెప్పాలి కదా.

లోపలికి పోయాక మాత్రం అంతా వేరే. ఆడియాలజిస్ట్ కుప్పం వైపు అమ్మాయి, గోడ మీద ఆర్‌సీఐ సర్టిఫికెట్ నంబరుతో సహా ఉంది. ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఆడియాలజిస్టులు అందులో రిజిస్టర్ అయి ఉండాలి, మీరు ఎక్కడికెళ్ళినా అది అడగండి, అడిగితే ఏమీ అనుకోరు. నాయనకి ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుని, ఆయన్నే అడిగింది, నన్ను కాదు. ఏం పని చేసేవాళ్ళు తాతా, మిల్లులో ఎన్నేళ్ళు, షుగర్ ఉందా, టీబీ సూదులు ఎప్పుడైనా వేయించుకున్నారా అని. టీబీకి వేసే స్ట్రెప్టోమైసిన్ లాంటి సూదులూ, క్యాన్సర్‌కి ఇచ్చే సిస్‌ప్లాటిన్ లాంటి మందులూ చెవి లోపల దెబ్బకొడితే ముందు పోయేది సన్నని శబ్దాలే అంట, అందుకని అడుగుతారు. నాయన చాలా రోజుల తర్వాత ఎవరో తన మాట వింటున్నట్టు మిల్లు కథంతా చెప్పాడు. ఆమె వింది.

తర్వాత చెవిలోకి లైట్ వేసి చూసింది. కుడి చెవి నిండా గులిమి. "ఇది పెట్టుకుని టెస్ట్ చేస్తే మీ డబ్బు దండగ, ముందు ఈఎన్‌టీ దగ్గర తీయించుకుని రండి" అని ఆ రోజుకి పైసా తీసుకోకుండా పంపించేసింది. నాకు విసుగొచ్చింది గానీ, క్యాంపులో ఆ గులిమి మీదే టెస్ట్ చేసి లక్షా అరవై వేలు చెప్పారని గుర్తొచ్చి చల్లబడ్డా. నాలుగు రోజులు చుక్కలేసి, తీయించి, తర్వాతి మంగళవారం మళ్ళీ పోయాం.

టెస్ట్ గది గురించి చెప్పాలి. మందంగా ఉన్న తలుపు, గోడలకి నురగ దిండ్ల లాంటివి, లోపలికి పోయి తలుపు వేస్తే మన గుండె చప్పుడే మనకి వినపడుతుందా అనిపించేంత నిశ్శబ్దం. బెంగళూరులో అంత నిశ్శబ్దం నేను ఇంకెక్కడా చూడలేదు. హెడ్‌ఫోన్ పెట్టి చేతికి ఒక బటన్ ఇస్తారు, ఎంత సన్నగా వినపడినా సరే, అనుమానంగా ఉన్నా సరే, నొక్కమంటారు. గాజు అద్దం బయట ఆమె మిషన్ తిప్పుతుంటుంది. నొక్కితే శబ్దాన్ని 10 డెసిబెల్స్ (శబ్దం గట్టితనాన్ని కొలిచే లెక్క) తగ్గిస్తుంది, నొక్కకపోతే 5 పెంచుతుంది, అట్లా కిందికీ పైకీ తిప్పి మనకి అందే అతి తక్కువ శబ్దం ఎంతో పట్టుకుంటుంది. 250 హెర్ట్జ్ నుంచి 8,000 దాకా ఒక్కోటీ, ఒక్కో చెవికీ విడివిడిగా. తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న దిమ్మ లాంటిది పెట్టి మళ్ళీ అదే, ఇది ఎందుకంటే శబ్దం చెవి రంధ్రంలోంచి పోయే దారిలో అడ్డు ఉందా, లోపలి నరాల వైపు తేడా ఉందా అని తేలడానికి. రెండిట్లోనూ ఒకేలా తగ్గితే సమస్య లోపలి చెవిలో ఉన్నట్టు. నాయనది అదే.

గ్రాఫ్ చూడటం ఆమె నేర్పించింది, మీకూ చెప్తా, ఎందుకంటే రిపోర్ట్ చేతికిచ్చి పంపించేస్తే ఎవరికీ అర్థం కాదు. అడ్డంగా ఎడమ నుంచి కుడికి శబ్దం సన్నబడుతుంది, అంటే ఎడమ వైపు లారీ, కుడి వైపు కీచురాయి. పై నుంచి కిందికి గట్టితనం పెరుగుతుంది, అంటే గీత ఎంత కిందికి దిగితే చెవి అంత తగ్గినట్టు. కుడి చెవి ఎర్ర సున్నాలు, ఎడమ చెవి నీలం ఇంటూ గుర్తులు. 20, 25 డెసిబెల్స్ లోపల ఉంటే మామూలు. నాయనకి 500 దగ్గర 20, 1,000 దగ్గర 25, అంటే అక్కడిదాకా నాకున్నట్టే. 2,000 దగ్గర 40. 4,000 దగ్గర 65. 8,000 దగ్గర 75. మా ఊరి కొండ దిగినట్టు కుడి వైపుకి జారిపోయింది గీత. ఆ కాగితం చూస్తుంటే మూడేళ్ళ మా గొడవంతా అందులో కనపడింది నాకు. లారీ ఎందుకు వినపడుతుందో, థర్మామీటర్ ఎందుకు వినపడదో.

సబ్బు డబ్బు సంగతి కూడా అక్కడే తేలింది. మన మాటల్లో అచ్చులు, అంటే ఆ, ఈ, ఊ లాంటివి, తక్కువ హెర్ట్జ్ ఉన్న కింది శబ్దాలు, గట్టిగా ఉంటాయి. స, శ, చ, త, ప, క ఇట్లాంటివి గాలితో పలికేవి, వాటి గుర్తు పై శబ్దాల్లో ఉంటుంది, పైగా బలం చాలా తక్కువ. నాయనకి అచ్చులన్నీ అందుతున్నాయి, అందుకే "వినపడుతోంది" అంటాడు, అది అబద్ధం కాదు. హల్లులు రాలిపోతున్నాయి, మిగిలిన దాన్నిబట్టి ఆయన మాట ఊహించుకుంటున్నాడు. మనం అరిచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చే, స అంతగా పెరగదు, కాబట్టి అరిస్తే గోల పెరుగుతుంది గానీ మాట తేలదు. మూడేళ్ళు అరిచా నేను.

ఎందుకు ముందు పై శబ్దాలే పోతాయి అని అడిగా. లోపలి చెవి నత్తగుల్ల లాగా చుట్టుకుని ఉంటుంది, అందులో వెంట్రుకల్లాంటి కణాలు ఒక్కో చెవిలో దాదాపు 15,000 ఉంటాయి, కంటికి ఉన్న కోట్ల కణాలతో పోలిస్తే ఇది పిడికెడు. గుల్ల ముఖద్వారం దగ్గర ఉన్నవి సన్నని శబ్దాలకి, లోపల చివరి కొస దగ్గర ఉన్నవి బొంగురు శబ్దాలకి. వయసుతో ముందు దెబ్బతినేది ముఖద్వారం వైపువే. మిల్లు లాంటి పెద్ద చప్పుడు అయితే ప్రత్యేకంగా 4,000 చుట్టుపక్కల గుంట పెడుతుందట, వయసుతో వచ్చే జారుడు అందులో కలిసిపోయాక ఏది ఎంత అని విడదీయడం కష్టం అంది. ఒకసారి పోయిన కణాలు మనిషికి మళ్ళీ రావు. కోడికి వస్తాయంట, పక్షులకి ఆ కణాలు మళ్ళీ మొలుస్తాయట. నాయన అది విని "కోడి పాటి చేయలేదా మనం" అన్నాడు.

మాటల టెస్ట్ తెలుగు రికార్డింగ్‌తో. చిన్న చిన్న మాటలు, ఇంట్లో రోజూ వాడేవి. కాస్త గట్టిగా వినిపిస్తే కుడి చెవితో నూటికి 80, ఎడమతో 76 సరిగ్గా చెప్పాడు. క్యాంపులో ఇంగ్లిష్ మాటలతో "బాగా దెబ్బతిన్నాయి" అన్న చెవులే ఇవి. చెవి ఎంత తగ్గిందో చెప్పడానికి కూతల టెస్ట్ చాలు గానీ, మిషన్ పెడితే ఈ మనిషికి లాభం ఉంటుందా లేదా అన్నది మాటల టెస్టే చెప్తుంది, అది సొంత భాషలో చేయకపోతే చేసినట్టు కాదు. బెంగళూరులో మన పెద్దవాళ్ళని తీసుకెళ్ళే ప్రతి తెలుగువాళ్ళకీ నేను చెప్పేది ఈ ఒక్కటే, ఫోన్ చేసినప్పుడే అడగండి.

నా టెస్ట్ కూడా చేయించుకున్నా. 8,000 దాకా అన్నీ మామూలే. దాని పైన చూసే టెస్ట్ వేరే ఉంది, 16,000 దాకా, దానికి హెడ్‌ఫోన్ కూడా వేరే. కుతూహలం కొద్దీ అదీ అడిగా. 12,500 దగ్గర కొంచెం గట్టిగా పెడితే గానీ అందలేదు, 14,000 దగ్గర ఇంకా గట్టిగా, 16,000 దగ్గర మిషన్ ఇవ్వగలిగినంత ఇచ్చినా ఏమీ లేదు. కింది శబ్దాలన్నీ బాగుండి పైవి మాత్రం ఇట్లా తగ్గడం నా వయసుకి వింతేం కాదంట. నాయనకి కూడా ఇది చేయమంటే ఆమె వద్దంది, "8,000 దగ్గరే 75 ఉంది, పైన చూసి చేసేదేం లేదు, ఊరికే 600 మీకు ఖర్చు" అని. అమ్ముకోవాల్సిన చోట అమ్మకుండా వద్దని చెప్పడం, నాకు ఆ క్లినిక్ మీద నమ్మకం అక్కడ కుదిరింది. ఆ పై టెస్ట్ ఎవరికి అవసరం అంటే ఆ చెవిని దెబ్బతీసే మందులు వాడుతున్నవాళ్ళకి, రోజంతా చప్పుడులో పనిచేసేవాళ్ళకి, మాటల దాకా రాకముందే పైన మొదలైన నష్టం అందులో కనపడొచ్చని.

ఖర్చు: నాయనకి కూతల టెస్ట్, ఎముక టెస్ట్, మాటల టెస్ట్, చెవి పరదా కదలిక చూసే టెస్ట్ అన్నీ కలిపి 1,800. నాకు 1,400. గులిమి తీసినందుకు ఈఎన్‌టీ దగ్గర 700. రిపోర్ట్ అప్పుడే చేతికిచ్చారు, ఇంకెక్కడికైనా తీసుకెళ్ళి చూపించుకోండి అని వాళ్ళే చెప్పారు. టైం ఉన్నవాళ్ళకి, ఖర్చు చూసుకునేవాళ్ళకి ఇంకో దారి మైసూరులో ఐష్ ఉంది, ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, 1965లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఈ రంగంలో మన దేశంలో పెద్ద పేరు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి కేంద్రం అడిప్ పథకం కింద వినికిడి మిషన్లు ఇస్తుంది, దానికి కావలసిన సర్టిఫికెట్ల గురించి అక్కడే అడగొచ్చు.

ఇది ముసలితనం కదా, ఉంటే ఉందిలే అనుకునేవాళ్ళకి ఒక మాట. 60 దాటినవాళ్ళలో నలుగురిలో ఒకరికి పైగా ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. లాన్సెట్ కమిషన్ 2024 రిపోర్ట్‌లో, మతిమరుపు జబ్బు రాకుండా మనం ఏమైనా చేయగలిగిన 14 కారణాలు రాశారు, అందులో వినికిడి తగ్గడం కూడా ఉంది. నాకు ఆ రిపోర్ట్ కంటే నా కళ్ళతో చూసిందే ఎక్కువ భయం వేసింది. నాయన పోయిన ఏడాదిలో పెళ్ళిళ్ళకి రావడం మానేశాడు, "ఆడ గోల, నాకెందుకు" అని. నలుగురు కూర్చుని మాట్లాడుతుంటే నవ్వాల్సిన చోట అందరితోపాటు నవ్వి ఊరుకునేవాడు. అది ఆయన స్వభావం మారడం అనుకున్నా.

ఆమె ఇంట్లో చేయమన్నవి మాత్రం మర్నాటి నుంచే మొదలుపెట్టాం. ఎదురుగా నిలబడి మొహం కనపడేట్టు మాట్లాడటం, వంటింట్లోంచి కేకలేయకపోవడం, మిక్సీ, టీవీ నడుస్తుంటే అవి ఆపి మాట్లాడటం, ఒకసారి అర్థం కాకపోతే అదే మాట గట్టిగా చెప్పకుండా వేరే మాటల్లో చెప్పడం. "సబ్బు" అందకపోతే "స్నానానికి సబ్బు బిళ్ళ" అంటే అందుతుంది. మామూలు ఫోన్ కాల్ కంటే వీడియో కాల్ నయం, పాత పద్ధతి కాల్‌లో 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే శబ్దం వస్తుంది, మనకే స కి ఫ కి తేడా తెలీక పేర్లు అక్షరం అక్షరం చెప్పుకుంటాం, ఆయనకి ఇంకెంత కష్టం. వీడియోలో కనీసం పెదాలు కనపడతాయి. మా అన్న అనంతపురం నుంచి ఇప్పుడు వీడియోలోనే చేస్తున్నాడు.

థర్మామీటర్ పక్కన పెట్టేసి, కొలత అయ్యాక లైటు వెలిగే రకం కొన్నా. గ్యాస్ లీక్ అలారం, డోర్‌బెల్ లాంటివి ఉంటే వాటి కూత మీ పెద్దవాళ్ళకి వినపడుతుందో లేదో ఒక్కసారి మోగించి చూడండి, మనకి వినపడితే చాలదు.

హియరింగ్ మిషన్ల విషయంలో ఆ క్లినిక్ మూడు రకాలు చూపించింది, నలభై వేల జత నుంచి మొదలు, నెల రోజులు ఇంట్లో పెట్టుకుని చూడటానికి ఇరవై వేలు డిపాజిట్ కట్టించుకుని ఇచ్చారు, వద్దంటే రెండు వేలు పట్టుకుని మిగతాది వెనక్కిస్తారు. నాయన గ్రాఫ్ ప్రకారం పై శబ్దాలు మాత్రమే పెంచేట్టు కంప్యూటర్‌కి తగిలించి సెట్ చేశారు, కిందివి ఉన్నవి ఉన్నట్టే వదిలేశారు. మొదటి రెండు రోజులు న్యూస్ పేపర్ మడిచే చప్పుడు కూడా భరించలేకపోయాడు, ప్లాస్టిక్ కవర్ ముట్టుకుంటే చాలు తీసి పక్కన పెట్టేవాడు. మళ్ళీ పోయి కొంచెం తగ్గించుకుని వచ్చాం, రోజుకి రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలని ముందే చెప్పి ఉంటే ఆ రెండు రోజుల అవస్థ తప్పేది, ఇదొక్కటి వాళ్ళ తప్పే. ఇప్పుడు రోజుకి ఆరు గంటలు పెట్టుకుంటున్నాడు. మొన్న క్యాబ్‌లో వస్తుంటే "ఏందమ్మా టిక్కు టిక్కుమంటాంది" అన్నాడు, డ్రైవర్ ఇండికేటర్ వేశాడు, అంతే. ఆ చప్పుడు ఎప్పటినుంచి లేదో ఆయనకి గుర్తే లేదు.

ట్రయల్ ఇంకా పన్నెండు రోజులుంది. పెళ్ళి ఒకటి ఉంది మధ్యలో, అక్కడ మేళం, జనం మధ్య ఎట్లా పనిచేస్తాయో చూసి అప్పుడు కొనాలో వద్దో నాయనే చెప్తానన్నాడు. మిషన్ సంగతి అప్పుడు విడిగా రాస్తా. టెస్ట్ వరకైతే జయనగర్ క్లినిక్‌కి ఐదుకి నాలుగున్నర, ఆ అర మార్కు మెట్లకి తీసేశా.